చెవులయ్య చిరునామా

ఆ రోజు ఉదయం డాక్టరమ్మ వేసుకున్న లెక్క చాలా చిన్నది. పది గంటలకల్లా కుందేలుకు చెవి కుట్టాలి. పదిన్నరకు ఫొటో తీయాలి. పదకొండుకు ఆ ఫొటో వెబ్‌సైట్లో పెట్టించి, ఆ తర్వాత తీరిగ్గా కూర్చుని టీ తాగాలి. వీటిలో అనుకున్నది అనుకున్నట్టు జరిగినవి మొదటి రెండే.

ఆవిడ నిజం డాక్టరు కాదు. బొమ్మలు బాగుచేస్తుంది. వీధి వైపు గదిలో గోడ పొడవునా డబ్బాలు. ఒకదాంట్లో గాజు కళ్లు, ఒకదాంట్లో ముక్కులకు పనికొచ్చే గుండీలు, ఒకదాంట్లో ఎవరివో తెలియని కాళ్లు. గుమ్మం మీద "బొమ్మల ఆసుపత్రి" అని బోర్డు పెట్టిన రోజు నుంచి వీధి మొత్తానికీ ఆవిడ డాక్టరమ్మ అయింది. చీటీలు రాసి, పార్సిళ్లు కట్టే భర్త కాంపౌండరు అయ్యాడు. దూది ఏకి బొమ్మల పొట్టల్లో కూరే అత్తగారికి మాత్రం పేరు పెట్టే ధైర్యం ఎవరూ చేయలేదు.

ఆ ఆసుపత్రికి నియమం ఒక్కటే. అది అత్తగారు పెట్టింది. ఊడిన కుట్టు ఎవరి కంటపడితే వాళ్లే వేసెయ్యాలి. ఒకరిని అడగక్కర్లేదు, ఒకరికి చెప్పక్కర్లేదు. "నువ్వు వేస్తావేమో అని నేను, నేను వేస్తానేమో అని నువ్వు కూర్చుంటే బొమ్మ పొట్ట బయటికొస్తుంది" అనేది ఆవిడ వాదన. ఇరవై ఏళ్లుగా ఆ నియమం వల్ల ఒక్క బొమ్మకూ చెరుపు జరగలేదు. ఆ రోజు వరకూ.

కుందేలు పేరు చెవులయ్య. కుడి చెవి మొదలంటా ఊడిపోయి, విడిగా ఒక కవరులో వచ్చింది. దాని యజమానురాలికి ఏడేళ్లు. రైల్లో ఆరు గంటల దూరంలో ఒక నిజం ఆసుపత్రిలో ఉంది. ఆ పాపకూ కుడి చెవికే ఆపరేషను, ఆ రోజు మధ్యాహ్నం మూడింటికి. ఆ పాప పెట్టిన షరతు ఒకటే: ముందు చెవులయ్యకి అవ్వాలి, తర్వాతే తనకి.

ఫొటో తీసి వాళ్ల నాన్న ఫోనుకు పంపితే సరిపోయేది కదా అంటే, సరిపోదు. పది రోజుల కిందట ఆ తండ్రి అచ్చం అలాంటి కుందేలునే కొనుక్కొచ్చి, "చూశావా, చెవులయ్య బాగైపోయాడు" అన్నాడు. పాప ఆ కొత్త కుందేలు ముఖం కాసేపు చూసి, "ఈయనెవరు?" అని అడిగింది. అప్పటి నుంచి నాన్న తెప్పించి చూపించిన ఫొటోలేవీ నమ్మడం లేదు. బొమ్మల ఆసుపత్రి వెబ్‌సైట్లో ప్రతి రోగికీ ఒక పేజీ ఉంటుంది. వచ్చిన తేదీ, బాధ, చేసిన వైద్యం, రోజుకో ఫొటో. నర్సు బల్ల మీదున్న కంప్యూటర్లో ఆ పేరు తనే ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొట్టి, ఆ పేజీ తనే తెరిచి చూస్తేనే పాపకు నమ్మకం.

సరిగ్గా ఆ రోజే పొద్దున్న ఎనిమిదింటికి మరిది ఆ వెబ్‌సైటు ఇల్లు మార్చాడు.

మరిది బస్సు డ్రైవరు. కంప్యూటరు విద్య వీడియోలు చూసి నేర్చుకున్నాడు. సైటు ఉన్న పాత కంపెనీ యంత్రం నత్తలా నడుస్తోందని, ఆదివారం కూర్చుని సరుకంతా కొత్త కంపెనీ యంత్రంలోకి ఎక్కించాడు. మిగిలింది చివరి పని. అది రెండు నిమిషాల పని అని, చొక్కాకి ఒక చెయ్యి తొడుక్కుని, ఇంకో చెయ్యి గాల్లో ఉండగా మొదలుపెట్టాడు.

"ఏం చేస్తున్నావురా?" అన్నారు అత్తగారు.

"నేమ్‌సర్వర్లు మారుస్తున్నానమ్మా. మన సైటు పేరు మారదు. ఆ పేరు చెప్పుకుంటూ వచ్చినవాళ్లకి ఇల్లెక్కడో దారి చెప్పేవాళ్లు ఇద్దరుంటారు. ఇన్నాళ్లూ పాత కంపెనీవాళ్లు ఇద్దరు చెప్పారు. ఇప్పుడు వాళ్లని తీసేసి కొత్త కంపెనీ ఇద్దర్ని పెట్టాను."

"ఇద్దరెందుకు?"

"ఒకడు పడుకుంటే ఇంకొకడు చెప్తాడని."

"ఇద్దరూ పడుకుంటే?"

"నాకు బస్సుకి టైమవుతోంది." పాతవాళ్ల పేర్లు రెండు, కొత్తవాళ్ల పేర్లు రెండు ఒక కాగితం మీద రాసి గోడకి అంటించాడు. గుమ్మం దిగుతూ, "ఇది లోకమంతా తెలియడానికి ఒకరోజు, ఒక్కోసారి రెండ్రోజులు పడుతుంది. ఇదివరకే దారి అడిగినవాళ్లు పాత జవాబే గుర్తుపెట్టుకుని అక్కడికే పోతుంటారు. ఎవరూ దేన్నీ ముట్టుకోకండి!" అన్నాడు. అదే క్షణంలో డాక్టరమ్మ కుట్టుమిషను తొక్కడం మొదలుపెట్టింది. కాబట్టి ఆ మాటలు విన్నది గుమ్మం పక్కన కాళ్లు లేకుండా కూర్చున్న ఎలుగుబంటి ఒక్కటే.

చెవి కుట్టడానికి డాక్టరమ్మకు రెండు గంటలు పట్టింది. కొత్త గుడ్డ వేస్తే ఆ పాప పట్టేస్తుంది. అందుకని చెవులయ్య అరికాలు లోపలి మడతలోంచి అదే రంగు వెలిసిన గుడ్డ ఇంత తీసి, చెవి మొదట్లో అతుకు వేసింది. వంపు సూదితో, దారం పైకి కనపడకుండా, చుట్టూ ముప్పై ఆరు కుట్లు. చివరి ముడి చెవిలోనే దాచేసి, "అయిపోయింది నాయనా" అంది. కాంపౌండరు ఫొటో తీశాడు. కొత్త సైట్లోకి వెళ్లి చెవులయ్య పేజీలో పెట్టాడు. తన ఫోనులో తెరిచి చూశాడు. చెవులయ్య రెండు చెవులతో నిండుగా కనపడ్డాడు.

ఫోను మోగింది. పాప వాళ్ల నాన్న.

"డాక్టరమ్మగారూ, ఇంకా అవ్వలేదాండీ? ఒక్క చెవే ఉంది. పాప ఆ కంప్యూటర్ ముందు కూర్చుంది, కదలనంటోంది."

"అయిపోయిందండీ! ఫొటో కూడా పెట్టేశాం."

"లేదండీ. చెవి పళ్లెంలోనే ఉంది."

కాంపౌండరు షాపులో ఉన్న కంప్యూటరు తెరిచాడు. నిజమే. చెవులయ్య ఒంటి చెవితో ఉన్నాడు. రెండోది పక్కన పళ్లెంలో ఉంది. ఫోనులో రెండు, కంప్యూటర్లో ఒకటి. ఆయన రెంటినీ పక్కపక్కన పెట్టుకుని, వాదిప్రతివాదుల్ని చూసినట్టు కాసేపు చూశాడు. తమ్ముడికి ఫోను చేస్తే ఎత్తలేదు. నడుపుతున్నంతసేపూ ఫోను సంచిలో పెట్టడం వాడి ఉద్యోగ ధర్మం. చివరి స్టాపు చేరితేనే తీస్తాడు.

'కుట్టు ఊడింది' అనుకున్నాడు కాంపౌండరు. కనపడింది తనకే. డొమైన్, అంటే సైటు పేరు, కొన్న చోట పాస్‌వర్డ్ కొట్టి లోపలికి వెళ్లాడు. అక్కడ కొత్తవాళ్ల పేర్లు రెండూ శుభ్రంగానే ఉన్నాయి. గోడ మీద కాగితం చూశాడు. పాతవాళ్లని ఒక్కసారిగా ఇద్దర్నీ పంపించేయడమే తప్పయి ఉంటుంది, కొత్తవాళ్లకి వీధులు తెలియాలి కదా అనిపించింది. పాతవాళ్లలో ఒకణ్ణి, కొత్తవాళ్లలో ఒకణ్ణి పెట్టాడు. ఇద్దరికీ న్యాయం చేసినట్టయింది. ఎవరికీ చెప్పకుండా, నియమం ప్రకారం, లేచి వెళ్లి పార్సిళ్లు కట్టుకున్నాడు.

ఇలా ఒకే పేరుకి ఇద్దరు రెండు చిరునామాలు చెప్పడం మొదలుపెట్టారు. పదకొండున్నరకు ఎదురింటి టీచరమ్మ వచ్చి, "మీ కుందేలు బాగయిందటగా, రెండు చెవులూ చూశాను" అంది. ఆవిడ వెనకాలే వచ్చిన ఆవిడ భర్త, "ఒకటే ఉందే!" అన్నాడు. వాళ్లిద్దరూ ఒకే ఇంట్లోంచి వచ్చారు. చెరో ఫోను పట్టుకుని, మెట్ల మీద నిలబడి, ఎవరి కళ్లు పరీక్ష చేయించుకోవాలో తేల్చుకుంటూ వెళ్లిపోయారు.

డాక్టరమ్మ సూది పక్కన పెట్టి కంప్యూటరు ముందుకు వచ్చింది. నేమ్‌సర్వర్ల పేజీ తెరిచి, గోడ మీద కాగితంతో పోల్చి చూస్తే పాతవాడొకడు, కొత్తవాడొకడు కనపడ్డారు. 'రెండు పడవల మీద కాళ్లు పెట్టాడు ఈ అబ్బాయి' అని మరిదిని మనసులోనే మందలించింది. కుట్టు వంకరపోతే ఆవిడ చేసే పని ఒకటే, మొత్తం విప్పేసి మొదటికి రావడం. ఇద్దరు పాతవాళ్లనీ తిరిగి పెట్టేసింది. భర్తకి చెప్పలేదు.

పన్నెండూ పదికి బస్సు చివరి స్టాపు చేరింది. మరిది సంచిలోంచి ఫోను తీసి చూసుకుంటే, పొద్దున్న తను పెట్టినవి లేవు, పాతవే ఉన్నాయి. 'హడావిడిలో సేవ్ చేయడం మర్చిపోయినట్టున్నాను' అనుకుని, మళ్లీ కొత్తవాళ్లిద్దర్నీ పెట్టాడు. ఇంట్లోవాళ్లకి తన మతిమరుపు తెలియడం ఎందుకని ఫోను చేయలేదు. బస్సు తిప్పుకుని వెళ్లిపోయాడు.

ఒంటిగంటకు పాప వాళ్ల నాన్న మళ్లీ చేశాడు. గొంతు బాగా తగ్గిపోయింది.

"నా ఫోనులో పాపే పేరు కొట్టి చూసిందండీ. దాంట్లో రెండు చెవులున్నాయి. నర్సుగారి కంప్యూటర్లో ఒకటే ఉంది. రెండూ చూసి మళ్లీ ఆ కంప్యూటర్ ముందే కూర్చుంది. ఏడ్చినా బాగుండేది. మూడింటికి తీసుకెళ్లాలి, ఇది కదలకపోతే డాక్టరుగారు ఇంకో నెల తర్వాతే అన్నారు. ఇప్పటికే ఆ చెవిలో చెప్పింది వినపడటం లేదండీ దానికి."

డాక్టరమ్మ ఫోను పెట్టేసి, చెవులయ్యని ఒళ్లో పెట్టుకుని కూర్చుండిపోయింది. చెవులయ్య రెండు చెవులూ కిందికి వాల్చి కూర్చున్నాడు.

ఆవిడ ముఖం చూడలేక కాంపౌండరు దుకాణం వెనక్కి వెళ్లాడు. బాగా ఆలోచించాడు. ఆయన బాగా ఆలోచించడం ఏడాదికి ఒకసారి జరుగుతుంది. జనం పాత ఇంటికి పోతున్నారు. ఎందుకు పోతున్నారు? తలుపు తీసి ఉంది కనుక. మూసేస్తే? చచ్చినట్టు కొత్త ఇంటికే వస్తారు! వెంటనే పాత కంపెనీకి ఫోను చేశాడు.

"మా ఖాతా మూసెయ్యమ్మా. ఇప్పుడే, ఈ నిమిషమే."

"ఖాయమేనా సార్?" అంది కంపెనీ అమ్మాయి.

"నూటికి నూరుపాళ్లు."

అమ్మాయి పనిమంతురాలు. రెండు నిమిషాల్లో మూసేసింది. షాపు కంప్యూటర్లో ఒంటి చెవి కుందేలు మాయమైంది. దాని చోట తెల్లటి పేజీ మీద ఒకే ఒక్క వాక్యం వచ్చింది: ఈ ఖాతా మూసివేయబడింది. కాంపౌండరు కొత్త ఇల్లు వస్తుందని ఎదురుచూశాడు. అయిదు నిమిషాలు. పది. ఆ వాక్యం కదల్లేదు.

ఫోను మోగింది.

"డాక్టరమ్మగారూ..." అన్నాడు ఆ తండ్రి, "మూసివేయబడింది అని వస్తోందండీ. పాప కూడబలుక్కుని మొత్తం చదివింది. నేనేం చెప్పను దానికి?"

డాక్టరమ్మ భర్త వైపు తిరిగింది. "ఏవండీ, ఏం చేశారు?"

"పాత ఇంటికి తాళం వేయించాను."

"నేను మళ్లీ పాతవాళ్లిద్దర్నీ పెట్టానే!"

"నువ్వు పెట్టావా? నేను చెరొకణ్ణి పెట్టాను కదా!"

"అది మీ తమ్ముడు పెట్టాడనుకున్నానే!"

ఇంతవరకూ దూది ఏకుతున్న అత్తగారు తల ఎత్తారు. ఆవిడకి కంప్యూటరు గురించి ఏమీ తెలియదు. కానీ తాళం అన్న మాట తెలుసు.

"ఒరేయ్, మనం ఈ ఇంటికి మారినప్పుడు నేనేం చేశాను?"

కాంపౌండరు బుర్ర గోక్కున్నాడు. "నువ్వు రాలేదు. పాత ఇంట్లోనే ఒక్కదానివీ ఉండిపోయావు. ఉత్త నేల మీద, చాప వేసుకుని. ఎంత పిలిచినా వారం రోజులు రాలేదు."

"ఎందుకుండిపోయాను? నాకు పిచ్చా? పాత చిరునామా పట్టుకుని పిల్లలు బొమ్మలు తీసుకుని వస్తారు. తాళం చూస్తే ఏమనుకుంటారు? బొమ్మల డాక్టరు లేదు అనుకుంటారు. వచ్చినవాళ్లని కూర్చోబెట్టి, బొమ్మ తీసుకుని, ఇదిగో ఇకనుంచి అక్కడికి రండమ్మా అని చెప్పడానికి ఒక మనిషుండాలి. అందరికీ తెలిసేదాకా రెండిళ్లలోనూ దీపం ఉండాల్రా. మనిషిని ఉంచకుండా పాత ఇంటికి తాళం ఏ తెలివైనవాడు వేస్తాడు?"

తెలివైనవాడు అప్పటికే కంపెనీకి ఫోను చేస్తున్నాడు.

"తెరవడం తేలికే సార్," అంది కంపెనీ అమ్మాయి. "మీ ఈమెయిలుకి ఒక అంకె పంపాను. చూసి చెప్పండి."

ఆసుపత్రి ఈమెయిలు అదే ఖాతాలో ఉంది. అదీ మూసే ఉంది. తాళంచెవి లోపల పెట్టి తలుపు లాగేసుకున్నట్టయింది. కాంపౌండరు ఆ సంగతి నీళ్లు నములుతూ చెప్పాడు. కంపెనీ అమ్మాయి నవ్వు ఆపుకోవడం ఇక్కడికి వినిపించింది.

"అయితే ఖాతా తీసుకున్నప్పుడు మీరు పెట్టుకున్న ప్రశ్న ఉంది సార్. జవాబు చెప్తే తెరిచేస్తాను. మూడుసార్లే చెప్పనిస్తుంది. 'మా మొదటి రోగి ఎవరు?'"

"ఎలుగుబంటి!" అన్నాడు కాంపౌండరు ధీమాగా. రిజిస్టరులో మొదటి పేజీ, మొదటి వరస అదే.

"కాదు సార్."

డాక్టరమ్మ ఫోను లాక్కుంది. "చెక్క గుర్రమమ్మా! బోర్డు పెట్టకముందే ఎవరో తెచ్చిచ్చారు, రిజిస్టర్లో తర్వాత రాసుకున్నాం."

"కాదు మేడమ్. ఇంకొక్కసారే ఉంది."

గోడ మీద గడియారం రెండుంపావు చూపిస్తోంది. కాంపౌండరు రిజిస్టరు తిరగేస్తున్నాడు. తను పదకొండేళ్ల కిందట ఏం రాశాడో ఆయనకే గుర్తు లేదు. అత్తగారు దూది దులుపుకుని లేచి వచ్చారు.

"ఇటివ్వమ్మాయ్." ఫోను తీసుకుని, కాస్త దూరంగా పట్టుకుని, అవతల ఉన్నది చెవిటివాళ్లన్నట్టు గట్టిగా చెప్పారు. "ఏనుగమ్మా! గుడ్డ ఏనుగు! నా చిన్నకొడుకుది. వాడికప్పుడు ఆరేళ్లు. తొండం తెగిపోతే మూడు రోజులు అన్నం ముట్టలేదు. ఈ అమ్మాయి అప్పుడే కొత్తగా కాపురానికి వచ్చింది. నోట్లోంచి మాట వచ్చేది కాదు. ఎవరితో మాట్లాడాలో తెలియక, వాడి పక్కన కూర్చుని, తన జాకెట్టు గుడ్డ చింపి తొండం కుట్టింది. అది చూసే మా పెద్దాడు ఈ ఆసుపత్రి పెడదామన్నాడు. రాసుకో. ఏనుగు."

అవతల కీబోర్డు టకటక వినిపించింది.

"సరిపోయిందండీ," అంది అమ్మాయి. తర్వాత, అడగాల్సిన పని లేకపోయినా అడిగింది. "ఏనుగు ఇప్పుడు ఎక్కడుందండీ?"

"వాడి బస్సులో. డ్రైవరు సీటు కింద. నేను చెప్పానని చెప్పకు."

డాక్టరమ్మ భర్తని చూసింది. "అదా మీరు రాసింది?" ఆయన రిజిస్టరు మూసి, దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియనట్టు అటూ ఇటూ మార్చాడు. "అదే కదా మొదటిది," అన్నాడు. "అప్పటికి రిజిస్టరు ఉంటేనా, రాసేవాళ్లం."

పాత ఇంటి తలుపు తెరుచుకుంది. రెండు గంటల ముప్పై అయిదు నిమిషాలకు రెండు చెవుల చెవులయ్యని పాత సైట్లో కూడా పెట్టేశారు. ఇప్పుడిక ఎవరు ఏ దారిన వచ్చినా ఒకటే కుందేలు. కాంపౌండరు చెయ్యి అలవాటుగా మళ్లీ నేమ్‌సర్వర్ల వైపు పోయింది. అత్తగారు కీబోర్డు పీకి దూది బుట్టలో పెట్టుకుని, పైన ఇంత దూది కప్పి, దాని మీద చెయ్యి వేసుకుని కూర్చున్నారు.

రెండూ యాభైకి ఫోను మోగింది. ముగ్గురూ ఒక్కసారే ఎత్తబోయారు. డాక్టరమ్మ చేతికి దొరికింది. ఈసారి తండ్రి కాదు.

"డాక్టరమ్మా, నేను."

పాప చాలా స్థిమితంగా మాట్లాడుతోంది.

"నాన్న ఊరికే కంగారు పడుతున్నాడు. నాకు తెలుసు. మీరు ముందు చెవి పెట్టి చూశారు, సరిపోయిందో లేదో అని. అప్పుడు నాన్న ఫోనులో రెండున్నాయి. మళ్లీ తీసేసి పళ్లెంలో పెట్టారు. తర్వాత తలుపు మూసి కుట్టారు కదా? మూసివేయబడింది అని బోర్డు పెట్టారు. ఇక్కడ కూడా లోపల ఆపరేషను చేసేటప్పుడు తలుపు మూసేస్తారు, నర్సక్క చెప్పింది. తలుపు తెరిచేదాకా నేను లేవనన్నాను. ఇప్పుడు తెరిచారు."

డాక్టరమ్మ భర్త వైపు చూసింది. ఆయన గోడ మీద కాగితం వైపు చూశాడు.

"అవునమ్మా," అంది డాక్టరమ్మ. "అలాగే చేశాం."

"ఏడ్చాడా?"

"లేదు. ముప్పై ఆరు కుట్లు. చెవి కదపకుండా కూర్చున్నాడు."

"నేనూ కదపను," అంది పాప. "నాన్నా, పద."

సాయంత్రం ఆరింటికి ఆ తండ్రి ఫోను చేశాడు. అంతా బాగా జరిగిందట. మెలకువ రాగానే పాప కుడి పక్క నుంచి ఎవరైనా ఏదైనా చెప్పండని అడిగిందట. ఏం చెప్పాలో తోచక తండ్రి చెవులయ్య పేరు చెప్పాడట. కట్టు మీదుగా వినపడిందో, పెదవులు చూసి కనిపెట్టిందో తెలియదు కానీ, నవ్విందట.

అప్పుడే డ్యూటీ దిగి వచ్చిన మరిది జరిగిందంతా విని నెత్తి మీద చెయ్యి పెట్టుకున్నాడు.

"వదినా, ముట్టుకోవద్దని చెప్పానా లేదా?"

"నువ్వు ముట్టుకోలేదా మధ్యాహ్నం?" అంది డాక్టరమ్మ.

మరిది కాసేపు కాళ్లు లేని ఎలుగుబంటిని పరిశీలించాడు. "అది వేరు," అన్నాడు.

నాలుగు రోజులు గడిచాయి. లోకమంతటికీ కొత్త చిరునామా తెలిసిపోయింది. చెవులయ్య పార్సిలు అందిందని, పాప తల దగ్గర పెట్టుకుని పడుకుందని కబురొచ్చింది. ఇక పాత ఖాతా మూసేద్దామని మరిది కీబోర్డు అడిగాడు. అత్తగారు దూది బుట్ట మీద చెయ్యి తీయలేదు.

"ఇంకెవరూ పాత దాంట్లోకి రావడం లేదమ్మా."

"అది నీకెలా తెలుసు? వచ్చినవాడు తాళం చూసి వెనక్కి పోతే, నీకు చెప్పి పోతాడా?"

మరిది కీబోర్డు మీద ఆశ వదులుకుని, పాత ఖాతాకి ఇంకో నెల అద్దె కట్టడానికి ఫోను తీశాడు.